మెట్టసీమకు మెట్లు కట్టిన సిద్ధాంతం

మనిషి మొదట వేటాడాడు, తరువాత పశువులను మచ్చిక చేసుకున్నాడు, ఆపైన నాగలి పట్టాడు, చివరికి పట్నం కట్టాడు అనే వరుస తెలుగు పాఠకుడికి ఎంతగా అలవాటైపోయిందంటే, అది ఒక సిద్ధాంతమనీ, దానికీ ఒక పుట్టుక, ఒక కర్త, ఒక ప్రయోజనం ఉన్నాయనీ ఎవరికీ తట్టడం లేదు. బడి పుస్తకాలు చరిత్రకు తొలి అధ్యాయంగా దానిని చెబుతాయి. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఓల్గా నుంచి గంగకు’ చదువుకున్న తరాలు దానిని కథల రూపంలో గుర్తుపెట్టుకున్నాయి. అభివృద్ధి ప్రణాళికలు దానిని పేరెత్తకుండానే పాటిస్తాయి. ఈ వరుసను మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు వర్తింపజేసినప్పుడు వచ్చే తీర్పు ఇలా ఉంటుంది: గుట్టల్లో కుందేలునో ఉడుమునో పట్టి, దుంపలు తవ్వి, తేనె తీసి బతికిన యానాదులు, ఇరుళలు, నక్కలవాళ్లు మొదటి మెట్టు మీదే నిలిచిపోయారు, ఒకే చేలో రాగులు, అనుములు, కందులు, ఆముదాలు కలిపి వేసుకున్న రైతు ఆ పై మెట్టు మీద నిలిచిపోయాడు, చేనంతా వేరుశనగ వేసినవాడు, ఆ తరువాత బోరు కింద టమాటా పెట్టినవాడు మెట్లెక్కి పైకి వచ్చారు. ఈ తీర్పు వాస్తవానికీ నిలవదు, తర్కానికీ నిలవదు. వాననే నమ్ముకున్న ఈ మెట్టసీమలో వేట, ఏరుకోవడం, సేద్యం అనేవి ఒకే ఏడాదిలో, ఒకే ఊరి పొలిమేరలో, చాలాసార్లు ఒకే ఇంట్లో కలిసి నడిచిన పనులు. వాటిలో దేనినీ మరొకదానికి పూర్వదశ అనడానికి ఆధారం లేదు.

ఈ మెట్ల వరుసకు ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం ఇచ్చినవాడు అమెరికా న్యాయవాది, మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్. 1877లో వెలువడిన ‘ఏన్షెంట్ సొసైటీ’ అనే గ్రంథంలో ఆయన మానవ చరిత్రను వన్యదశ, అనాగరిక దశ, నాగరిక దశ అని మూడుగా విడగొట్టి, మొదటి రెండింటినీ మళ్లీ మూడేసి అంతస్తులు చేసి, ప్రతి అంతస్తుకూ ఒక తిండినో ఒక పనిముట్టునో గుర్తుగా నిలిపాడు. ఆ గ్రంథాన్ని మార్క్స్ చదివి నోట్సు రాసుకోవడం, ఆ నోట్సును ఆసరాగా తీసుకుని ఎంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో వివరిస్తూ పుస్తకం రాయడం, అది అనువాదాల ద్వారా తెలుగు అభ్యుదయ పాఠకులకు చేరడం వల్ల మోర్గాన్ పేరు వినని తెలుగువారు కూడా మోర్గాన్ కట్టిన మెట్ల మీదే ఆలోచించడం అలవాటు చేసుకున్నారు. అయితే ఈ మెట్లు కట్టడానికి పాతికేళ్ల ముందు, 1851లో, ఆయన స్వయంగా చూసి, విని, మొదటి పుస్తకం రాసింది ఎవరిని గురించో ఇక్కడ గుర్తుచేయాలి. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, తరువాత వచ్చి చేరిన టస్కరోరా అనే ఆరు జాతులు కలిసి ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో కట్టుకున్న హాడెనోషోనీ కూటమిని గురించి ఆ పుస్తకం. ఐరోపావారు ఇరాక్వాయ్ అని పిలిచింది ఈ కూటమినే. అంటే ఏ జనాన్ని చూసి ఈ సిద్ధాంతం తయారైందో ఆ జనం జీవితాన్నే దానికి గీటురాయిగా పెట్టి చూడవచ్చు.

కూటమికి తూర్పు వాకిలి కావలివారుగా పేరుపడిన మోహాకుల ఊళ్లలో పొలం, విత్తనం, గాదె ఆడవారి చేతుల్లో ఉండేవి. మగవారు అడవి నరికి నేల సిద్ధం చేసేవారు, జింకలను వేటాడేవారు, నదిలో చేపలు పట్టేవారు. మట్టిని చిన్న కుప్పలుగా చేసి ఒక్కో కుప్పలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. మొక్కజొన్న కాడ చిక్కుడు తీగకు ఊతమయ్యేది, చిక్కుడు వేళ్లు నేలకు నత్రజనిని చేర్చేవి, గుమ్మడి ఆకులు తేమ ఆరకుండా, కలుపు లేవకుండా కుప్పను కప్పేవి. గింజను కట్టె బూడిద నీళ్లలో ఉడికించి పొట్టు తీయడం వల్ల మొక్కజొన్నలో ఒంటికి అందకుండా ఉండిపోయే నియాసిన్ అనే విటమిన్ అందేది. ఈ పద్ధతిని వదిలి మొక్కజొన్నను మాత్రమే తీసుకుపోయిన ఐరోపా పేదలు పెల్లాగ్రా అనే జబ్బు పాలయ్యారు. కార్నెల్ విశ్వవిద్యాలయ వ్యవసాయ శాస్త్రవేత్త జేన్ మౌంట్ ప్లెజెంట్ ఆ పొలాల దిగుబడిని అదే కాలపు ఐరోపా గోధుమ దిగుబడితో పోల్చి, ఎకరాకు మూడు నుంచి అయిదు రెట్ల గింజ పండేదని అంచనా వేసింది. నాగలితో లోతుగా దున్నకపోవడం వల్లనే నేల సారం నిలిచిందన్నది ఆమె వివరణ. ఇంతటి సేద్యం చేసిన జనం మోర్గాన్ పెట్టుకున్న గుర్తుల ప్రకారం అనాగరిక దశలో అట్టడుగు అంతస్తుకు చెందారు. మోర్గాన్ దురుద్దేశం ఉన్నవాడు కాడు. సెనెకాల భూమిని కాజేయబోయిన కంపెనీకి ఎదురు నిలిచినవారిలో ఆయనా ఒకడు. తప్పు కొలబద్దలో ఉంది.

మోర్గాన్‌కు ముందు నుంచే ఉన్న ఆ తప్పు వల్ల నష్టపోయింది ఎవరో చెప్పడానికి ఒక్క సంవత్సరం చాలు. మగవారు వేటకు పోతున్నారు, పొలంలో ఆడవారు పనిచేస్తున్నారు, నాగలి లేదు, కంచె లేదు, కాబట్టి అక్కడ సేద్యమే లేదనీ, అది బీడు నేలేననీ వలస వచ్చినవారు వాదించారు. 1779లో జార్జి వాషింగ్టన్ ఆజ్ఞ మీద కూటమి దేశం మీదికి దండెత్తిన జనరల్ సలివాన్ మాత్రం నలభై ఊళ్లను, లక్షా అరవై వేల బుషెళ్ల మొక్కజొన్నను, లెక్కలేనన్ని కూరగాయలను నాశనం చేశానని తన నివేదికలో ఘనంగా రాసుకున్నాడు. భూమి కావలసినప్పుడు వారు వేటగాళ్లు, తగలబెట్టవలసినప్పుడు వారు రైతులు.

దక్కను దక్షిణ భాగపు పురావస్తు ఆధారాలు కూడా మెట్ల వరుసకు ఏమీ తోడ్పడవు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో, అనంతపురం జిల్లా పాలవాయిలో, బళ్లారి చుట్టుపక్కల కనిపించే బూడిద దిబ్బలు, అంటే పశువుల దొడ్లలో పేడ కుప్పలను తరతరాలుగా కాల్చగా ఏర్పడిన గుట్టలు, సుమారు అయిదు వేల ఏళ్ల నుంచి మూడు వేల ఏళ్ల కిందటి వరకు సాగిన నవీన శిలాయుగానివి. ఆ కాలపు మట్టిని నీళ్లలో కలిపి, తేలిన మసిగింజలను పరీక్షించిన డోరియన్ ఫుల్లర్ వంటి పరిశోధకులు అండుకొర్రల వంటి చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు ఈ నేల మీదే సాగులోకి వచ్చాయని తేల్చారు. అదే జనం మందలు మేపారు, అదే జనం అడవి జంతువులను వేటాడి తిన్నారు. ఎముకలు అక్కడే దొరికాయి. ఇంతమాత్రాన నేటి ఆచారాలన్నీ ఆదికాలం నుంచి మారకుండా వచ్చాయని చెప్పడానికి వీల్లేదు. రాగి ఆఫ్రికా ఎత్తు భూముల నుంచి వచ్చింది, చింత కూడా ఆఫ్రికాదే, గుట్టల నిండా కాసే సీతాఫలం, చేలనిండా పరుచుకున్న వేరుశనగ, మదనపల్లె పేరు మోసిన టమాటా అమెరికా ఖండాలవి. సంప్రదాయం అన్నది గింజ పుట్టిన చోటును బట్టి తేలదు, దానిని వేసే పద్ధతిని బట్టి తేలుతుంది.

పద్ధతి దగ్గరికి వస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ ఉన్న నేల ఎర్రది, గరుసుది, లోతు తక్కువది. నైరుతి వాన ఇక్కడికి వచ్చేసరికి బలం తగ్గుతుంది, ఈశాన్య వాన కొంత పడుతుంది, ఏ ఏడు ఏది మోసం చేస్తుందో ముందుగా తెలియదు. ఇలాంటి చోట రెండు వానలకూ వాటా పెట్టడమే మిశ్రమ సేద్యపు అసలు ఆలోచన. గొర్రు, అంటే ఎద్దులు లాగే విత్తన సాధనం, ముందు పోతుంటే దాని జడ్డిగంలో, అంటే గొట్టాల మీద అమర్చిన గిన్నెలో, ఒకరు రాగులు వదులుతారు. గొర్రుకు తాడుతో కట్టిన విడి గొట్టాన్ని పట్టుకుని వెనుక నడిచే ఆడమనిషి ఒడిలోంచి అనుములు తీసి, కొన్ని సాళ్లకు ఒకసారి ఆ గొట్టంలో జారవిడుస్తుంది. ఎన్ని సాళ్లకు ఒక సాలు అనుములు పడాలో, ఎక్కడ కంది పడాలో, చేను అంచున ఆముదం ఎంత దూరానికి ఒకటి నిలవాలో ఏ కాగితం మీదా ఉండదు. రాగి నాలుగు నెలల లోపు కోతకు వస్తుంది. అప్పటిదాకా దాని నీడన ఒదిగి ఉన్న అనుములు పగటి పొద్దు తగ్గి చలి మొదలైన తరువాతే పూతకు వస్తాయి, ఈశాన్య వాన తడికి, మంచుకు కాయ పోసుకుంటాయి. కంది లోతు వేరుతో ఇంకా నిలిచి సంక్రాంతి దాటాక చేతికి వస్తుంది. సంక్రాంతి రోజుల్లో చిత్తూరు సీమ ఇళ్లలో కనిపించే పితికిపప్పు ఈ క్రమపు చివరి అంకం: అనపకాయ, అంటే అనుముల కాయ, వొలిచి, గింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి పితికితే పొట్టు వేళ్లలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతుంది.

ఇది పేదవాడు తెలియక చేసిన కలగాపులగం అని తీసిపారేసే వాదానికి సమాధానం పటాన్‌చెరువు నుంచే వచ్చింది. 1972లో అక్కడ ఏర్పడిన ఇక్రిశాట్, అంటే మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ, జొన్న, కంది కలిపి వేసిన తొంభైకి పైగా ప్రయోగాల ఫలితాలను పరిశీలించి 1980లో ఒక లెక్క ప్రకటించింది. ఒక నిర్దిష్టమైన కనీస రాబడిని గీతగా పెట్టుకుంటే, కంది ఒక్కటే వేసిన పొలం అయిదేళ్లకోసారి, జొన్న ఒక్కటే వేసిన పొలం ఎనిమిదేళ్లకోసారి ఆ గీత కిందికి జారతాయి. రెండూ కలిపి వేసిన పొలం ముప్పయి ఆరేళ్లకు ఒక్కసారే జారుతుంది. దిగుబడి తక్కువ అనే విమర్శ ఒక్క పంటను మాత్రమే తూచి మిగిలినవాటిని తక్కెడలో పెట్టకపోవడం వల్ల పుట్టింది. గింజ, పప్పు, నూనె, పశువుల మేత, పొయ్యిలోకి కంది కట్టె అన్నీ కలిపి తూచినవారు ఆ విమర్శ చేయలేదు. దీనికి ఎదురుగా, మదనపల్లె మార్కెట్‌లో 2023 జూలైలో కిలో టమాటా నూట యాభై రూపాయలు దాటి, కొన్ని వారాలకే పది రూపాయలకు అటూ ఇటూ పడిపోయింది. ధర లేని రోజున రోడ్డు పక్కన పారబోసిన టమాటా ఈ దారిలో పోయేవారికి కొత్త దృశ్యం కాదు. టమాటా వేయడం తప్పని ఎవరూ అనరు. అది కొందరి అప్పులు తీర్చింది, పిల్లలను చదివించింది. 1990ల చివర కుప్పంలో చిన్న కమతాలను కలిపి ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో నడిపిన ప్రదర్శన క్షేత్రంలోని బిందుసేద్యంలోనూ తప్పు లేదు. కానీ ముప్పయి ఆరేళ్లకోసారి దెబ్బతినే పద్ధతి నుంచి ఏడాదికి రెండుసార్లు దెబ్బతినగల పద్ధతికి మారడాన్ని ఎదుగుదల అని మాత్రమే పిలవాలని పట్టుపట్టడం శాస్త్రం కాదు.

రాగిని ప్రజలే వద్దనుకున్నారన్నది ఇంకో వాదన. సంగటి తిన్నవాడిని మోటువాడిగా, వరి అన్నం తిన్నవాడిని దొరగా చూసిన సమాజంలో ఆ కోరిక పుట్టిన మాట నిజమే. అయితే 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత చౌకదుకాణంలో దొరికే ధాన్యం బియ్యం ఒక్కటే అయింది. కష్టపడి పండించి, దంచి, విసురుకోవలసిన రాగి ముందు దాదాపు ఉచితంగా వచ్చే బియ్యాన్ని నిలిపి, ఇల్లాలు బియ్యం వైపు మొగ్గితే దానిని జనం రుచి అని నమోదు చేశారు. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పు పట్టడం సబబు కాదు. అందులో రాగికి చోటు పెట్టకపోవడం మాత్రం ఒక నిర్ణయమే, చరిత్ర గమనం కాదు. పురుగు పట్టకుండా పాతరలో, అంటే నేలలో తవ్విన గాదెలో, ఏళ్ల తరబడి నిలిచే గింజ అది. ధాతు కరువుగా గుర్తుండిపోయిన 1876–78 కరువు వంటివి చూసిన సీమకు ఆ గుణం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. పుంగనూరు పొట్టి ఆవు గతీ ఇలాంటిదే. ఎండుగడ్డితో బతికి, చిక్కటి పాలిచ్చి, చిన్న రైతు చేలో తిరిగిన ఆ ఆవు సంకరజాతుల మోజులో ఊళ్ల నుంచి మాయమవుతుంటే వెనుకబాటుతనం పోతోందన్నారు. పలమనేరు పశు పరిశోధన స్థానం కొన్నింటిని నిలిపింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక అది నగరాల ధనికుల ముంగిట్లో ముచ్చటయింది. చిన్న రైతు చేలో మాత్రం దాని జాడ లేదు.

సేద్యం గురించి ఇంత ఒప్పుకున్నవారు కూడా ఏరుకోవడం దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గుతారు. పండించలేనివాడు ఏరుకుంటాడన్నది వారి ధీమా. ఈ మాట అనేవారు ఒక్క వానకాలం ఏ పల్లె వంటింటినైనా గమనించి ఉండరు. చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు అన్నీ చేలల్లో, గట్ల మీద, చెరువు కట్టల కింద వాటంతట అవి మొలిచేవే. కలుపు తీసే చేయే వాటిని ఒడిలో వేసుకుంటుంది, అందువల్ల కలుపు తీయడం, కూర ఏరడం ఒకే పని. కలుపు మందు చల్లిన చేలో కలుపుతోపాటు ఆ కూరా పోతుంది. ఆ నష్టం ఏ దిగుబడి పట్టికలోనూ కనిపించదు. తొలకరి సాయంత్రం పుట్టల నుంచి లేచే ఉసిళ్లను దీపం పెట్టి పట్టి, వేయించి, బొరుగుల్లో కలిపి తిన్నవారు యానాదులు మాత్రమే కారు, పదెకరాల ఆసాములు కూడా. సీతాఫలం, కలివిపండు, నేరేడు, చింతచిగురు, పుంగనూరు సంతకు చేరే చింతపండు, చీపుర్ల గడ్డి, కానుగ గింజలు ఇవన్నీ ఏరుకునేవే. ఏరుకోవడానికి హక్కు పత్రం ఉండదు గానీ ఆచారం ఉండేది. కోత అయిన చేలో రాలిన గింజను, తవ్విన చేలో మిగిలిన వేరుశనగ కాయను పరిగె అంటారు. పరిగె ఏరుకోవడానికి వచ్చిన ఆడవారిని, పిల్లలను ఆపడం ఆసామికి మర్యాద కాదు.

యానాదికీ రైతుకూ ఉన్న సంబంధం ఈ కలయికను ఇంకా దగ్గరగా చూపుతుంది. వేరుశనగ చేలో ఎలుకలు కాయలను తుంచి బొరియల అడుగున దాచుకుంటాయి. యానాది చేను చుట్టూ తిరిగి, కొత్త మట్టి ఎక్కడ పడిందో, ఏ కన్నం పాతదో, ఏ కన్నం తప్పించుకోవడానికి తవ్వినదో చూసుకుని, ఒకటి విడిచి మిగతా కన్నాలన్నీ మూసేస్తాడు. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి, పిడకలు రాజేసి, మూతిని కన్నానికి ఆనించి, చిల్లిలోంచి ఊదుతాడు. పొగకు ఎలుకలు సొమ్మసిల్లిన తరువాత తవ్వి పట్టుకుంటాడు. ఎలుక అతనికి తిండి, బొరియలో దొరికిన కాయ అతనికి కూలి, చేను బాగుపడటం రైతుకు లాభం. విషపు గుళికలతో ఇదే పని చేస్తే ఎలుకలతోపాటు వాటిని తిన్న గుడ్లగూబ, పాము, కుక్క కూడా చస్తాయి. ఇంతకీ ఈ మనిషి వేటగాడా, ఏరుకునేవాడా, వ్యవసాయ కూలీనా? మోర్గాన్ అంతస్తుల్లో అతనిని నిలపడానికి చోటు లేదు, ఎందుకంటే అతను మూడింటిలోనూ ఒకేసారి నిలబడి ఉన్నాడు.

ఈ వేటగాళ్ల వల్లనే అడవి జంతువులు అంతరించాయన్నది అందరికంటే గట్టిగా వినిపించే ఆరోపణ. దీనిలో కొంత నిజం ఉంది కనుక దానిని తోసిపుచ్చకుండా పరిశీలించాలి. పట్నాల్లో మాంసం అమ్మడానికి తీగ ఉచ్చులు పన్నేవారు, అడవి పందికి తిండిలో నాటు బాంబు పెట్టేవారు ఉన్నారు. అది నేరమే, అందులో సంప్రదాయం ఏమీ లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చి దాని వేటను నిషేధించడం కూడా అవసరమైనదే. కానీ పులికి ఇంత, చిరుతకు ఇంత అని బహుమానాలు ప్రకటించి చంపించింది మద్రాసు ప్రభుత్వం, వినోదానికి కాల్చింది దొరలూ జమీందార్లూ; 1882 మద్రాసు అటవీ చట్టం కింద గుట్టలకు రిజర్వు హద్దురాళ్లు పాతి, కట్టెకు, మేతకు, తేనెకు వెళ్లినవాడిని దోషిని చేసింది కూడా ఆ ప్రభుత్వమే. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కును గుర్తించి, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. వేటను మినహాయించడంలో వివేకం ఉందనుకుందాం. అలాంటప్పుడు గుర్తించిన ఏరుకునే హక్కునైనా అమలు చేయాలి. కొండలను గ్రానైట్ క్వారీలకు ఇచ్చి, బీడు భూముల్లో నీలగిరి చెట్లు నాటించి, ఏరుకోవడానికి ఏమీ మిగల్చకుండా హక్కు ఉందని చెప్పడం పరిహాసం.

వేటగాడు తప్పుకున్న చోట జంతువులు సుఖంగా ఉన్నాయా అన్నదీ అడగవలసిన ప్రశ్నే. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగుల గుంపులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసం 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చేల మీద పడే అడవి పందులను ఆపడానికి కొందరు దొంగచాటుగా పెట్టే కరెంటు తీగ ఏనుగును, పందిని, పశువును, కొన్నిసార్లు రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషిని కూడా ఒకే తీరుగా చంపుతుంది. అడుగుజాడ చూసి ఏది ఎటు పోయిందో, ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు తిరిగి వస్తాయో చెప్పగలిగిన జనాన్ని అటవీ శాఖ ట్రాకర్లుగా, కాపలాదారులుగా తీసుకున్న చోట ఆ తెలివి పనికివచ్చింది. ఆ తెలివి వేట నుంచే పుట్టింది.

తెలుగు సమాజం ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడటం విచిత్రం. వాయులింగానికి మాంసం నైవేద్యం పెట్టి, కన్ను పెరికి ఇచ్చిన బోయ తిన్నడు శ్రీకాళహస్తిలో కన్నప్పగా పూజలందుకుంటాడు, ధూర్జటి కావ్యంలో ఘనమైన స్థానం పొందుతాడు. కనుమ నాడు తిరుమలలో శ్రీవారు పారువేటకు బయలుదేరతాడు. అహోబిలంలో నరసింహస్వామికి చెంచులక్ష్మి దేవేరి. గుడిలో వేటకు ఇంత గౌరవం ఇచ్చిన సమాజమే గుడి బయట వేటగాడిని దొంగ అంది. 1871 నేరస్థ తెగల చట్టం 1911 నుంచి మద్రాసు రాష్ట్రానికీ వర్తించి, ఎరుకలవారు పుట్టుకతోనే నేరస్థులని దస్త్రాల్లో రాసింది. అంతకు ముందు వారిలో చాలామంది గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరికీ మోసి అమ్మినవారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఆ తరువాత రైలుబండి వారి బేరాన్ని ఊడ్చేశాయని, బతుకు పోయినవారిని నేరస్థులుగా చూపారని మీనా రాధాకృష్ణ పరిశోధన నిరూపించింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసెకు పోలీసు వెళతాడో చూసినవారికి రద్దయింది కాగితమేనని అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పినదానికి సంతోషించి, యానాదులు ప్రకృతి బిడ్డలనీ, వారికి కోరికలు లేవనీ, అడవితల్లి ఒడిలో ఆనందంగా బతికారనీ రాసే కలాలు కూడా తక్కువేమీ లేవు. ఆ రాతలు కూడా అదే మెట్ల సిద్ధాంతాన్ని తలకిందులు చేసి చెబుతాయి. కింది మెట్టును పవిత్రం చేసినంత మాత్రాన మెట్లు పోవు. ఆకలి ఉండేది, పురుటి చావులు ఉండేవి, తోటల కాపలాకు, రైస్ మిల్లులకు అప్పు కింద కట్టుబడిపోయిన యానాది కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాగి విసరడం ఆడవారి నడుము విరిచే చాకిరీ, పిండిమర వచ్చాక ఊపిరి పీల్చుకున్నది వారే. పాత పద్ధతిని మొత్తంగా తిరిగి తేవాలని కోరడం వేరు, అందులోని తెలివిని తెలివిగా ఒప్పుకోవడం వేరు.

వారి పిల్లలే ఈ బతుకు వద్దంటున్నారు, మరి ఎవరి కోసం ఈ వాదన అని చివరిగా అడుగుతారు. బడికి పోవాలి, ఉద్యోగం కావాలి అని కోరే హక్కు ఎవరికైనా ఉంది. అయితే ఒక పనిని మనిషి ఇష్టపడి వదలడానికీ, ఆ పని నిలిచే చోటును ఇతరులు పాడుచేసినందువల్ల వదలడానికీ ఉన్న తేడాను అమెరికా న్యాయవ్యవస్థే ఒకచోట ఒప్పుకుంది. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున మోహాకులు ఉంటున్న అక్వెసాస్నేలో, చుట్టూ వచ్చిన అల్యూమినియం, వాహన విడిభాగాల కర్మాగారాలు వదిలిన విషాల వల్ల నదిలో చేపలు తినడం ప్రమాదమని తేలింది. చేప తినడం మానేసరికి వల అల్లడం, నది పేర్లు, చేపల పేర్లు, వాటితో ముడిపడిన మాటలు ఒక తరంలో జారిపోయాయి. 2013లో కుదిరిన పరిహారపు ఒప్పందంలో చేపలకు, పక్షులకు జరిగిన నష్టంతోపాటు ఈ నష్టాన్నీ లెక్కించి, వేట, చేపలు పట్టడం, మూలికలు సేకరించడం, సేద్యం పెద్దల దగ్గర కుర్రవారు నేర్చుకోవడానికి ప్రత్యేకంగా డబ్బు కేటాయించారు. పొలం గట్టున కూర పోయినందుకు, గుట్ట మీద తేనె పోయినందుకు చిత్తూరు సీమలో ఇలాంటి లెక్క ఎవరూ వేయలేదు.

ఇరుళల విషయంలో మాత్రం పాత తెలివికి కొత్త పని దొరికింది. పాము తోళ్ల వ్యాపారం 1970లలో నిషేధానికి గురైనప్పుడు, దాని కోసం పాములు పట్టి బతికిన ఇరుళలు వీధిన పడ్డారు. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో వారి సహకార సంఘం ఏర్పడింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను అటవీ శాఖ అనుమతించిన లెక్క మేరకు పట్టి, మూడు నాలుగు వారాలు ఉంచి విషం తీసి, తిరిగి అడవిలో వదిలిపెట్టడం ఆ సంఘం పని. ఆ తెగకు చెందిన మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి, అక్కడి శాస్త్రవేత్తలకు చిక్కని కొండచిలువలను జాడ పట్టి చూపారు. 2023లో వారిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. కుప్పం పొలంలో పాము కాటు పడిన రైతుకు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు సూదిమందు తయారు చేయడానికి దేశంలోని కంపెనీలు వాడే విషంలో అత్యధిక భాగం ఈ సంఘం నుంచే వస్తుంది. మొదటి మెట్టు మీద ఆగిపోయారన్న మనుషుల చేతి పని అది.